పాదం ఎముకల తీరు, బరువు పడే చోటు, నొప్పి: ఇంట్లో చూసుకొని సర్దుకునే పద్ధతి

హనుమకొండలో ఏ ఎముకల డాక్టరు దగ్గర వరసలో కూర్చున్నా ఈ మాట వినిపిస్తుంది: "మడమల ఎముక పెరిగిందట." ఎక్స్‌రేలో మడమ కింద చిన్న ముల్లులాంటిది కనిపిస్తుంది. రిపోర్టులో కాల్కేనియల్ స్పర్ అని రాస్తారు. ఇంటికొచ్చేసరికి అదే జబ్బు పేరైపోతుంది. నిజానికి ఆ ముల్లు ఏ నొప్పీ లేని చాలామందికి ఉంటుంది, మడమ నొప్పితో కుంటే చాలామందికి ఉండదు. ముల్లు సంగతి పక్కన పెట్టి, ఆ మడమ మీద రోజూ ఎంత బరువు ఎంతసేపు పడుతోందో చూస్తే ఎక్కువ తెలుస్తుంది.

బరువు పాదంలో ఎక్కడ దిగాలన్నది చాలావరకు ఎముకల తీరును బట్టి ఉంటుంది. ఆ తీరు ఎదిగే వయసులోనే కుదిరిపోతుంది. పెద్దయ్యాక వ్యాయామం చేసినా, నూనె పెట్టి మర్దన చేసినా ఎముక ఆకారం మారదు. దాని మీద పడే బరువును మాత్రం పక్కకు మళ్లించవచ్చు. అందుకు ముందు పాదాన్ని చదవాలి, ఆ తర్వాతే చెప్పులు, పట్టీలు, వ్యాయామాలు. ఏ రకం పాదమో చూసుకోకుండా కొన్న మెత్తటి ఇన్‌సోల్ (చెప్పు, బూటు లోపల వేసే మెత్త) ఒకరికి హాయిగా ఉంటే ఇంకొకరికి నొప్పి పెంచుతుంది.

షుగర్ ఉండి పాదాలు తిమ్మిరిగా, మొద్దుబారినట్టు ఉన్నవాళ్లు ఈ పరీక్షలతో మొదలుపెట్టకండి. షుగర్ ఉన్నవాళ్ల గురించి కింద విడిగా రాశాను, ముందు అది చదవండి.

కొంచెం ఎముకల సంగతి

ఒక్కో పాదంలో 26 ఎముకలు. రెండూ కలిపి 52, ఒంట్లో ఉన్న 206లో నాలుగో వంతు. ఒంటి బరువంతా కాలి ఎముక నుంచి టాలస్ అనే ఎముక మీదికి దిగుతుంది. అక్కడి నుంచి కొంత వెనక్కి మడమ ఎముకకు, కొంత ముందుకు వేళ్ల మొదళ్లకు వెళ్తుంది. టాలస్‌కు ఒక్క కండరం కూడా అతుక్కుని ఉండదు. చుట్టూ ఉన్న ఎముకల ఆకారం, ఎముకలను కట్టి ఉంచే లిగమెంట్లే దాన్ని నిలబెడతాయి. అందుకే కింద మడమ ఎముక కాస్త లోపలికి ఒరిగినా పైనున్న బరువంతా అటే జారుతుంది.

ముందు భాగంలో ఐదు పొడుగు ఎముకలుంటాయి. వీటిని మెటాటార్సల్స్ అంటారు. అరికాలు ముందు భాగంలో నేలకు ఆనేది వాటి తలలే. మడమ నుంచి ఈ తలల దాకా ఎముకలు విల్లులా వంగి ఉంటాయి. ఆ విల్లుకు నారి లాంటిది అరికాలిలో బిగువుగా సాగే ప్లాంటార్ ఫేషియా అనే పట్టీ. అడుగు ముందుకు వేసేటప్పుడు వేళ్లు పైకి వంగుతాయి, నారి బిగుస్తుంది, వంపు పైకి లేస్తుంది, పాదం గట్టిపడి ఒంటిని ముందుకు నెడుతుంది. ఎవరి విల్లు ఎంత వంగి ఉందో తెలిస్తే నొప్పి సంగతి సగం తేలినట్టే.

అంకెల్లో చూద్దాం. చెప్పుల్లేకుండా రెండు కాళ్ల మీద కదలకుండా నిలబడితే, ఒక్కో పాదం మీది బరువులో సుమారు 60 శాతం మడమ మీద ఉంటుంది. 30 శాతానికి కాస్త తక్కువ వేళ్ల మొదళ్ల మీద, 10 శాతం లోపు నడిపాదం మీద. 70 కిలోల మనిషికి ఒక్కో మడమ మీద దాదాపు 21 కిలోలు. నడిచేటప్పుడు ఒంటికాలి మీద ఉన్న క్షణంలో ఒంటి బరువు కన్నా కొంచెం ఎక్కువే పడుతుంది, పరుగులో రెండు మూడింతలు పడుతుంది. ఎనుమాముల మార్కెట్‌లో 40 కిలోల బస్తా ఎత్తుకున్న 70 కిలోల హమాలీ ప్రతి అడుగులో 110 కిలోలకు పైగా ఒక్క పాదం మీద మోస్తాడు. అతని వంపు తక్కువా ఎక్కువా అన్నది అప్పుడు చిన్న విషయం కాదు.

1. తడి అడుగు చూడండి

నున్నటి గ్రానైట్ మీద నీళ్లు చెదిరిపోయి అచ్చు సరిగ్గా రాదు. పాత సిమెంటు గచ్చు, తాండూరు బండ, లేదంటే ఒక పేపరు మేలు. పాదం తడిపి, నడుస్తూ ఒక అడుగు దాని మీద వేసి ముందుకు వెళ్లిపోండి. ఊరికే నిలబడి తీసిన అచ్చు కంటే నడకలో పడ్డ అచ్చు నిజం చెబుతుంది.

ఇప్పుడు నడిపాదం చూడండి. అచ్చు మధ్యలో సగం వెడల్పున పట్టీలా కలిసి ఉంటే మామూలు వంపు. మధ్య భాగం దాదాపు ముందు భాగమంత వెడల్పుగా ఉంటే వంపు తక్కువ. మడమ వేరుగా, ముందు వేరుగా పడి మధ్యలో సన్నటి గీత ఉన్నా, అదీ లేకపోయినా వంపు ఎక్కువ. పక్క నుంచి తీసే ఎక్స్‌రేలో దీన్నే మడమ ఎముక వాలును కొలిచి చెబుతారు. సాధారణంగా అది నేలకు 20 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటుంది. తగ్గేకొద్దీ పాదం చదును, పెరిగేకొద్దీ వంపు ఎక్కువ.

లావుగా ఉన్నవాళ్లకు అరికాలి కొవ్వు వల్ల అచ్చు చదునుగా పడవచ్చు. చిన్నపిల్లల విషయంలో అసలు తొందరపడకండి. ఐదారేళ్ల దాకా పాదం చదునుగా ఉండటం మామూలే, వంపు తర్వాత వస్తుంది. నొప్పి లేకుండా ఆడుకుంటున్న పిల్లలకు వేల రూపాయల బూట్లు కొనే పని లేదు.

2. మునివేళ్ల మీద లేచి చూడండి

చదును పాదాల్లో రెండు రకాలున్నాయి. తేడా ఇక్కడ తేలుతుంది. గోడ పట్టుకొని మునివేళ్ల మీద లేవండి, వెనక నుంచి ఇంట్లో ఎవరినైనా ఫోన్‌లో వీడియో తీయమనండి. మడమలు లేచినప్పుడు వంపు కనిపించి, మడమలు కొంచెం లోపలి వైపు తిరిగితే అది మెత్తటి చదును పాదం. ఎముకలు బాగానే ఉన్నాయి, నొప్పి లేకపోతే దానికి వైద్యమే అక్కర్లేదు. ఆర్మీ వైద్య పరీక్షలో కూడా మునివేళ్ల మీద లేచినప్పుడు వంపు వస్తోందా, పాదం నొప్పి లేకుండా కదులుతోందా అని చూస్తారు. "ఫ్లాట్ ఫుట్ ఉంది, మనకు రాదు" అని ముందే ఆశ వదులుకునే కుర్రాళ్లు ఈ పరీక్ష చేసుకొని చూడాలి.

లేచినా వంపు రాకుండా పాదం పలకలా ఉంటే అది బిగుసుకున్న చదును పాదం. కొందరికి పుట్టుకతోనే రెండు ఎముకలు కలిసిపోయి ఉండటం ఒక కారణం. దీన్ని డాక్టరుకు చూపించాలి.

తర్వాత ఒంటికాలి మీద లేవండి. ఒకవైపు లేవలేకపోతున్నా, లేస్తుంటే చీలమండ లోపలి వైపు నొప్పి వస్తున్నా, ఆ పాదం ఈమధ్యే చదును అవుతున్నట్టు అనిపించినా, వంపును మోసే టిబియాలిస్ పోస్టీరియర్ అనే టెండన్, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాడు లాంటిది, బలహీనపడి ఉండవచ్చు. 40 దాటిన ఆడవాళ్లలో ఇది ఎక్కువ. వెనక నుంచి చూస్తే ఆ పాదానికి బయటి వైపు వేళ్లు ఎక్కువ కనిపిస్తాయి. దీన్ని నెలల తరబడి నానబెట్టకూడదు. మొదట్లో పట్టీతో, వ్యాయామంతో కుదురుకుంటుంది. ఆలస్యమైతే ఎముకలే కొత్త చోట బిగుసుకుంటాయి.

3. వేళ్ల మొదళ్లను పెన్నుతో గుర్తు పెట్టండి

కుర్చీలో కూర్చొని వేళ్లను కిందికి వంచండి. పాదం పైభాగంలో మెటాటార్సల్ తలలు గుండ్రంగా పైకి తేలతాయి. బొటనవేలి మొదలు, దాని పక్క వేలి మొదలు పెన్నుతో గుర్తు పెట్టి, రెండో గుర్తు ఎంత ముందుందో చూడండి. కొందరికి మొదటి ఎముక పొట్టిగా, రెండోది పొడుగ్గా ఉంటుంది. దీన్ని మోర్టన్ పాదం అంటారు.

పక్క వేలు పొడుగుంటే మొగుడి మీద పెత్తనం చేస్తుందని మన ఇళ్లల్లో పెళ్లిచూపుల నాటి నుంచి ఆటపట్టిస్తారు. పెత్తనం సంగతేమో గానీ, బరువు మాత్రం ఆ వేలి మొదలు మీద పడుతుంది. పైగా వేలు పొడుగు కనిపించినంత మాత్రాన లోపలి ఎముక పొడుగని కాదు. వేలి కొస కాదు, మొదలు చూడాలి.

పాత లెక్క ప్రకారం ముందు భాగం మీద పడే బరువును ఆరు పాళ్లు చేస్తే రెండు పాళ్లు బొటనవేలి మొదలుకు, మిగతా నాలుగు వేళ్లకు ఒక్కో పాలు. బొటనవేలి మొదలు కింద రెండు చిన్న గింజల్లాంటి ఎముకలు ఉండి ఆ పని చేస్తాయి. కానీ నడకలో ఒత్తిడి కొలిచే పలకల మీద చూస్తే, చాలామందికి రెండు, మూడు మొదళ్ల కిందే ఒత్తిడి ఎక్కువగా కనిపిస్తుంది. రెండో మెటాటార్సల్ సన్నగా ఉంటుంది. దాని వెనక కొస మూడు చిన్న ఎముకల మధ్య బిగించినట్టు ఇరుక్కుని ఉండటంతో పైకీ కిందికీ పెద్దగా కదలదు. మొదటి ఎముక పొట్టిదైతే దాని వాటా కూడా ఈ సన్నటి ఎముక మీదికి వస్తుంది. అక్కడ ఆనె కడుతుంది, నొప్పి మొదలవుతుంది, పరుగెత్తేవాళ్లకైతే ఎముకలో సన్నటి చీలిక కూడా రావచ్చు.

4. ఆనెలు, అరిగిన చెప్పులు

ఆనెకాయ కట్టిన చోటంటే ఎముక రోజూ నేలను ఎక్కువ ఒత్తుతున్న చోటు, లేదంటే చెప్పు రాపిడి తగిలే చోటు. బ్లేడుతో కోసేస్తే తేలిగ్గా ఉంటుంది, నెలలోపే మళ్లీ వస్తుంది, ఎందుకంటే ఎముక అక్కడే ఉంది. కోయడానికి ముందు ఫోటో తీసుకోండి.

పాత హవాయి చెప్పు ఈ పనికి బాగా పనికొస్తుంది. పై రబ్బరు మీద గుంత పడి నిగనిగలాడే చోట్లే మీ బరువు దిగే చోట్లు. కింద మడమ బయటి అంచు కొంచెం అరగడం అందరికీ మామూలే. లోపలి అంచు బాగా అరిగితే పాదం లోపలికి ఒరుగుతోంది. బయటి అంచు ముందు దాకా అరిగితే వంపు ఎక్కువై బరువు బయటి వైపు సాగుతోంది. ఒక చెప్పే తొందరగా అరుగుతుంటే పాదం కంటే ముందు మోకాలు, తుంటి, కాళ్ల పొడుగులో తేడా గురించి ఆలోచించాలి.

5. గొంతుక్కూర్చోండి

మడమలు నేలకు ఆనించి గొంతుక్కూర్చోగలిగితే పిక్క కండరం సరిపడా సాగుతోందన్నమాట. వెస్ట్రన్ టాయిలెట్, డైనింగ్ టేబుల్ వచ్చాక చాలామందికి మడమలు లేస్తున్నాయి. మోకాళ్ల నొప్పితో కూర్చోలేనివాళ్లు గోడ ముందు నిలబడి, బొటనవేలు గోడకు 10 సెంటీమీటర్ల దూరంలో పెట్టి, మడమ లేపకుండా మోకాలు గోడకు తాకించి చూడండి. తాకకపోతే పిక్క బిగుసుకుంది. పిక్క బిగిస్తే నడకలో మడమ తొందరగా లేచి బరువు వేళ్ల మొదళ్లకు ముందే చేరుతుంది, అరికాలి నారి మీద లాగుడు పెరుగుతుంది. వంపు ఎక్కువున్నా తక్కువున్నా ఈ ఒక్కటి నొప్పిని పెంచుతుంది. ఎముకలా కాకుండా ఇది మారుతుంది.

6. ఇప్పుడు నొప్పి చోటుకు జత చేయండి

"పొద్దున లేచి కాలు కింద పెడితే సూదులు గుచ్చినట్టయితది, నాలుగడుగులేస్తే తగ్గుతది." ఇది ప్లాంటార్ ఫేషియా నొప్పి. మడమ కింద, కొంచెం లోపలి వైపు బొటనవేలితో నొక్కితే దొరుకుతుంది. చదును పాదంలో నారి సాగి సాగి అలుస్తుంది. వంపు ఎక్కువున్న పాదంలో నారి ముందే బిగువుగా ఉండి, మధ్య భాగం నేలకు ఆనక మడమ మీద దెబ్బ ఎక్కువ పడుతుంది. నొప్పి ఒకటే, దారులు రెండు. అందుకే ఒకరికి పనిచేసిన చెప్పు ఇంకొకరికి పనిచేయదు.

మడమ సరిగ్గా నడిమధ్యలో, రోజంతా నిలబడితే సాయంత్రానికి పెరిగే నొప్పి వేరు. వయసుతో మడమ కింది కొవ్వు మెత్త పలచబడినవాళ్లకు ఇది వస్తుంది. ఇల్లంతా గ్రానైట్ వేయించుకున్నాక, అమ్మమ్మలకూ వంటింట్లో గంటల తరబడి నిలబడే ఆడవాళ్లకూ మడమ నొప్పి ఎక్కువైందంటే ఆశ్చర్యం లేదు. మట్టి అలుకు నేల పాదానికి కొంచెం లొంగేది, గ్రానైట్ లొంగదు.

రెండు, మూడు వేళ్ల మొదళ్ల కింద గులకరాయి మీద నిలబడ్డట్టుంటే మెటాటార్సల్ తలల మీద బరువు ఎక్కువైంది. మూడు, నాలుగు వేళ్ల మధ్య మంట, కరెంటు తగిలినట్టు చురుక్కుమంటూ వేళ్లలోకి పాకితే అది నరం నలగడం. ముందు ఇరుకైన బూట్లతో పెరుగుతుంది, విప్పేస్తే తగ్గుతుంది.

బొటనవేలి మొదలు పక్కకు ఉబ్బి, వేలు పక్క వేలి మీదికి వాలుతుంటే బన్యన్. వేలు 15 డిగ్రీలు దాటి వాలితే డాక్టర్లు దాన్ని తేడా కింద లెక్క వేస్తారు. బొటనవేలు బరువు మోయడం మానేసేసరికి ఆ వాటా రెండో వేలికి వెళ్తుంది. అందుకే బన్యన్ ఉన్నవాళ్లు రెండో వేలి కింద నొప్పి అంటారు. రెండో వేలికి బిగుతైన మట్టెలు ఉంటే అక్కడ వాపు ఇంకా ఇబ్బంది పెడుతుంది. వాపు తగ్గేదాకా వదులు మట్టెలు పెట్టుకోవచ్చు.

మిగతావి త్వరగా చెబుతాను. వంపు లోపలి వైపు ఎముక ఉబ్బి బూటుకు తగులుతుంటే అది కొందరికి ఉండే అదనపు చిన్న ఎముక కావచ్చు. పాదం బయటి అంచు మధ్యలో తేలే ఎముక ఐదో మెటాటార్సల్ మొదలు. వంపు ఎక్కువున్నవాళ్లకు అక్కడ ఆనె కడుతుంది, కాలు మడతపడినప్పుడు విరిగేదీ అక్కడే. మడమ వెనక ఉబ్బు గట్టి బూటు రాపిడితో ఎర్రబడితే బూటు వెనక భాగం మార్చాలి, రుద్దుడు ఆపాలి.

7. బరువును పక్కకు జరపండి

ముందు చెప్పులు. ఒక తెల్ల కాగితం మీద పూర్తి బరువుతో నిలబడి పాదం చుట్టూ గీత గీయించుకోండి. చెప్పును ఆ బొమ్మ మీద పెట్టండి. బొమ్మ బయటికి కనిపిస్తే చెప్పు ఇరుకు, ఎంత ఖరీదైనా సరే. సాయంత్రం పాదం కాస్త ఉబ్బి ఉంటుంది, అప్పుడే కొనండి. పొడుగు వేలి ముందు సెంటీమీటరు ఖాళీ ఉండాలి. రెండు చేతులతో వంచి చూడండి: వేళ్లు వంగే చోట వంగాలి, నడుమ మడత పడకూడదు.

చదును పాదానికి నొప్పి ఉంటే అరచేతితో నొక్కగానే మునిగిపోయే స్పాంజి చెప్పు వద్దు. మడమను పట్టి ఉంచే గట్టి వెనక భాగం, వంపు కింద కొంచెం గట్టి ఆసరా కావాలి. వంపు ఎక్కువున్న పాదానికి మెత్తదనం కావాలి. దాంతోపాటు ఆ ఖాళీ వంపు నిండేలా ఇన్‌సోల్ పెడితే నడిపాదం కూడా వాటా తీసుకుంటుంది, మడమకు, ముందుకు బరువు తగ్గుతుంది. మడమ నొప్పికి, పిక్క బిగువుకు ఒకటి రెండు సెంటీమీటర్ల మడమ ఎత్తు ఉపశమనం ఇస్తుంది. అంతకంటే ఎత్తయితే బరువు వేళ్ల మొదళ్లకు జారుతుంది. పెళ్లిళ్ల సీజన్‌లో హై హీల్స్ వేసుకొని మర్నాడు వేళ్ల దగ్గర నొప్పి అనేవాళ్లకు కారణం ఇదే.

బన్యన్ ఉంటే ముందు వెడల్పున్నదే కొనాలి. ఉన్న తోలు బూటును చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర ఆ ఒక్క చోట సాగదీయించుకోవచ్చు. బొటనవేలు వంగితే నొప్పి ఉన్నవాళ్లకు గట్టి అట్ట, వంగని సోలు మేలు.

వేళ్ల మొదళ్ల నొప్పికి పట్టీ పెట్టే చోటే కీలకం. చాలామంది నొప్పి ఉన్న చోటనే మెత్త పెడతారు. దానితో ఆ ఎముక కింద ఇంకా ఎత్తు పెరిగి ఒత్తిడి పెరుగుతుంది. పట్టీ ఎముక తలకు కొంచెం వెనక ఉండాలి. నొప్పి చోట కాస్త కాటుక పెట్టి ఇన్‌సోల్ మీద అడుగు వేయండి. నల్లటి మచ్చ పడుతుంది. పట్టీ ముందు అంచు ఆ మచ్చకు సుమారు అర సెంటీమీటరు వెనక రావాలి. అప్పుడు పట్టీ ఎముక మెడను పైకి లేపి తల మీది బరువు తీస్తుంది. మోర్టన్ పాదానికి ఇంకో చిట్కా ఉంది: బొటనవేలి మొదలు కింద రెండు మూడు మిల్లీమీటర్ల పలచటి పట్టీ వేస్తే పొట్టి ఎముకకు నేల అందుతుంది, తన వాటా తాను మోస్తుంది. రెండు మూడు రోజులు గంట, రెండు గంటలు వేసుకొని అలవాటు చేసుకోండి.

ఇంట్లో చెప్పులు వేసుకోవడం మనకు ఇష్టం ఉండదు. గుమ్మం దాటని ఒక జత విడిగా ఉంచుకొని కడుక్కుంటూ వాడండి. పూజగదిలోకి వెళ్లేముందు విప్పేయండి. అదీ వద్దంటే కనీసం గ్యాస్ పొయ్యి ముందు మందపాటి రబ్బరు మ్యాట్ వేయండి.

8. వ్యాయామాలు

పొద్దున మంచం దిగకముందే మొదటిది. నొప్పి పాదాన్ని రెండో మోకాలి మీద పెట్టి, చేత్తో వేళ్లను పైకి, ఒంటి వైపు లాగండి. ఇంకో చేత్తో అరికాలిలో నారి బిగిసిందో లేదో తడమండి. 10 సెకన్లు పట్టి వదలండి, 10 సార్లు. ఇలా రోజుకు మూడు విడతలు. పిక్క సాగదీయడం గోడ పట్టుకొని 30 సెకన్ల చొప్పున మూడుసార్లు, ఒకసారి మోకాలు నిటారుగా, ఇంకోసారి కొంచెం వంచి.

అసలు పని చేసేది మూడోది. తువ్వాలను చుట్టి మెట్టు అంచున పెట్టి వేళ్లు దాని మీదికి వచ్చేలా నిలబడండి. మూడు సెకన్లలో మడమ లేపి, రెండు సెకన్లు ఆగి, మూడు సెకన్లలో దించండి. 12 సార్ల చొప్పున మూడు విడతలు, రోజు విడిచి రోజు. రెండు కాళ్లతో మొదలుపెట్టి, తేలికయ్యాక ఒంటికాలితో, ఆ తర్వాత వీపున పుస్తకాల బ్యాగుతో. చేస్తున్నప్పుడు పదిలో మూడు నాలుగు పాళ్ల నొప్పి ఉన్నా ఫరవాలేదు, మర్నాటి పొద్దునకు పెరిగి ఉంటే మాత్రం తగ్గించాలి.

చదును పాదంవాళ్లు ఇంకొకటి కలపాలి: వేళ్లు ముడవకుండా, బొటనవేలి మొదలును మడమ వైపు లాగుతున్నట్టు వంపును పైకి లేపి 5 సెకన్లు, 10 సార్లు. దీనితో ఎముక మారదు. వంపును మోసే కండరం బలపడుతుంది.

వారంలో తగ్గిపోవాలని చూడకండి. ప్లాంటార్ ఫేషియా నొప్పి చాలామందికి నెలల మీద తగ్గుతుంది, కొందరికి ఏడాది పడుతుంది. ఈ లోపు ఊళ్లో ఎవరో "ఒక్క సూదితో పోతది" అంటారు. మడమలో స్టెరాయిడ్ ఇంజక్షన్ కొద్ది వారాలు హాయినిస్తుంది. మళ్లీ మళ్లీ వేయించుకుంటే నారి తెగే ప్రమాదం, మడమ కొవ్వు పలచబడే ప్రమాదం ఉన్నాయి. వేయించుకోవాలంటే ఎముకల డాక్టరు దగ్గరే, అదీ లెక్కగా.

9. మన పనులు, మన పండుగలు

నాట్ల బురదలో మడమకు దెబ్బ తగలదు. కానీ పాదం పీకి వేసే ప్రతిసారీ పిక్క, చీలమండ లోపలి టెండన్ లాగుతాయి. ఇంటికొచ్చాక మొదటి రెండు వ్యాయామాలు చేసుకుంటే మర్నాడు తేడా తెలుస్తుంది. మేడారం జాతరకు నడిచి వెళ్లేవాళ్లు కొత్త చెప్పులతో బయల్దేరకూడదు, కనీసం నెల ముందు నుంచి అదే జతతో నడక పెంచుకోవాలి. సింగరేణి బావుల్లో పనిచేసేవాళ్లకు బూటు తప్పదు, అందులో ఇన్‌సోల్ మాత్రం మార్చుకోవచ్చు. బూటు సైజు మందపాటి సాక్స్‌తో, ఇన్‌సోల్ వేసి చూసి తీసుకోండి. బతుకమ్మ తొమ్మిది రోజులూ సిమెంటు రోడ్డు మీద ఉత్త కాళ్లతో ఆడే మడమ నొప్పివాళ్లు మెత్తటి చెప్పులతో ఆడితే గౌరమ్మ ఏమీ అనుకోదు.

కానిస్టేబుల్ 1600 మీటర్ల పరుగుకు తయారయ్యేవాళ్లది వేరే సంగతి. నోటిఫికేషన్ రాగానే ఒక్కసారిగా రోజూ పరుగు మొదలుపెడతారు. రెండు మూడు వారాలకు పాదం పైభాగంలో ఒక్క చోట నొక్కితే ప్రాణం పోయే నొప్పి, వాపు. ఇది రెండో మెటాటార్సల్‌లో సన్నటి చీలిక కావచ్చు. మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. "ఎక్స్‌రే బాగానే ఉంది" అని పరుగు కొనసాగిస్తే పూర్తిగా విరగవచ్చు. ఆ నొప్పికి పరుగు ఆపడమే మందు.

10. షుగర్ ఉన్నవాళ్లు

షుగర్ వల్ల నరాలు దెబ్బతింటే పాదంలో చిన్న కండరాలు బలహీనపడి వేళ్లు పక్షి గోళ్లలా ముడుచుకుంటాయి. కింది మెత్త ముందుకు జరిగి, మెటాటార్సల్ తలలు చర్మం కింద నేరుగా నేలను పొడుస్తాయి. నొప్పి తెలియదు కాబట్టి ఆనె పుండయ్యేదాకా తెలియదు. ఏడాదికి ఒక్కసారైనా 10 గ్రాముల మోనోఫిలమెంట్ పరీక్ష, అంటే నైలాన్ దారంతో అరికాలి స్పర్శ చూసే పరీక్ష, చేయించుకోండి. స్పర్శ తగ్గితే ఎంసీఆర్ (మైక్రో సెల్యులర్ రబ్బరు) చెప్పులు వేసుకోవాలి, ఇంట్లో కూడా. మే నెల మధ్యాహ్నం గుడి బండల మీద ఉత్త కాళ్లతో ప్రదక్షిణ చేస్తే కాలినా తెలియదు, పొద్దున్నే వెళ్లండి. ఆనెలను మీరు కోయకండి, ఆనె మందు పట్టీలు అంటించకండి.

దెబ్బ తగిలినట్టు గుర్తు లేకుండానే ఒక పాదం వాచి, ఎర్రబడి, రెండోదాని కంటే వేడిగా ఉంటే అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లాలి, నడవకుండా. లోపల ఎముకలు నలిగిపోతూ ఉండవచ్చు.

11. డాక్టరు దగ్గరికి ఎప్పుడు, ఏం అడగాలి

దెబ్బ తగిలాక నాలుగడుగులు వేయలేకపోతే, పిక్క వెనక ఫట్‌మని శబ్దం వచ్చి మునివేళ్ల మీద లేవలేకపోతే, రాత్రి విశ్రాంతిలోనూ నొప్పి ఉంటే, జ్వరంతో కలిసి వస్తే ఆలస్యం చేయవద్దు. బొటనవేలి మొదలు రాత్రికి రాత్రి ఎర్రగా వాచి దుప్పటి తగిలినా నొప్పి పుడితే యూరిక్ యాసిడ్ చూపించుకోవాలి. చిన్న వయసులోనే రెండు మడమలూ నొప్పిగా ఉండి, పొద్దున నడుము బిగుసుకుని సడలడానికి అరగంట దాటుతుంటే అది పాదానికి పరిమితమైన జబ్బు కాకపోవచ్చు. కీళ్ల వాతం డాక్టరు చూడాలి.

వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రి ఎముకల విభాగానికి వెళ్లినా, ప్రైవేటుకు వెళ్లినా పాత చెప్పుల జత వెంట తీసుకెళ్లండి, తడి అడుగు ఫోటో, ఆనెల ఫోటో చూపించండి. ఎక్స్‌రే రాస్తే, విరిగిందన్న అనుమానం లేకపోతే, నిలబెట్టి తీయమని అడగండి. పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేలో ఎముకలు కనిపిస్తాయి గానీ, బరువు పడ్డప్పుడు వంపు ఎంత దిగుతుందో, బొటనవేలు ఎంత వాలుతుందో కనిపించదు. రెండు పాదాలూ ఒకేసారి తీయించుకుంటే నొప్పి లేని పాదంతో పోల్చి చూడవచ్చు.